వైజాగ్‌లో సొంతంగా టాక్స్ ప్రాక్టీసు పెట్టుకునేవాళ్ళకి: మొదటి క్లయింటు నుంచి రెండో జూలై దాకా

ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఆరేళ్ళు పనిచేసి, ఆ తర్వాత గాజువాకలో ఒక షట్టర్ రూము అద్దెకి తీస్కుని సొంతంగా కూర్చున్నాను. ఇప్పుడు బీకాం అయి ట్యాలీ నేర్చుకున్న కుర్రాళ్ళు, పిల్లలు స్కూలుకెళ్ళాక ఇంటి దగ్గర్నుంచే పని చేద్దామనుకునే అమ్మాయిలు ఫోన్ చేసి అడిగేది ఒకటే మాట, "అన్నా, క్లయింట్లు ఎలా వస్తారు?" అని. మొదటి ఏడాది క్లయింట్లు ఎలాగోలా వస్తారండీ, బావమరిది వస్తాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు వస్తాడు, ఇంటి ఓనరు వస్తాడు. వాళ్ళల్లో వచ్చే జూలైకి, అంటే మళ్ళీ రిటర్నులు వేసే సీజనుకి, మీ గుమ్మం ఎక్కేదెంతమంది అన్నదే ప్రాక్టీసు. కింద రాసిందంతా ఆ రెండో జూలైని మనసులో పెట్టుకుని రాసిందే, ఫీజు అయినా, పాస్‌వర్డ్ అయినా, "ఇది నేను చెయ్యను" అనడం అయినా.

ఒక మాట ముందే చెప్తా. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకొచ్చింది, ప్రీవియస్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాది), అసెస్‌మెంట్ ఇయర్ (దాని లెక్క తేల్చే తర్వాతి ఏడాది) పోయి "టాక్స్ ఇయర్" అని ఒక్కటే వచ్చింది, సెక్షన్ నంబర్లు కూడా మారిపోయాయి. కానీ 2025-26 ఆదాయానికి రిటర్ను ఇంకా 1961 చట్టం కిందే, జనం నోట్లో నానుతున్నవీ పాత నంబర్లే, అందుకే నేనూ అవే వాడుతున్నా. మీరు మాత్రం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే, ఇంకో నాలుగైదేళ్ళు ఈ రెండు చట్టాలతోనూ మనకి పనుంటుంది.

1. మీరెవరో ముందు మీకు తెలియాలి

మన ఊళ్ళో టాక్స్ పని చేసే ప్రతీ ఒక్కర్నీ "ఆడిటర్ గారూ" అనే పిలుస్తారు. పిలవనివ్వండి, కానీ మీరు సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) కాకపోతే ఆ మాట మీ బోర్డు మీదా, విజిటింగ్ కార్డు మీదా, వాట్సాప్ ప్రొఫైల్లోనూ ఉండకూడదు. సీఏ కానివాళ్ళు సీఏ అని చెప్పుకోవడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం ప్రకారం శిక్ష పడే నేరం. బోర్డు మీద "ఇన్‌కంటాక్స్, జీఎస్టీ రిటర్నులు" అని రాస్తే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది.

ఎవరి రిటర్నైనా తయారుచెయ్యడానికి మీకు లైసెన్సేం అక్కర్లేదు, ఎందుకంటే రిటర్ను వెరిఫై చేసి బాధ్యత తీసుకునేది ఆ మనిషే. క్లయింటు తరఫున డిపార్ట్‌మెంట్ ముందు హాజరవ్వాలంటే మాత్రం అర్హత కావాలి, కామర్స్ డిగ్రీ గానీ లా డిగ్రీ గానీ ఉన్నవాళ్ళు 288 సెక్షన్ కింద ఆథరైజ్డ్ రిప్రజెంటేటివ్‌గా వెళ్ళొచ్చు. జీఎస్టీకి వేరే దారి ఉంది, పోర్టల్లో పీసీటీ-01 ఫారం పెట్టుకుంటే జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు అవుతారు, పీసీటీ-02 సర్టిఫికెట్ వస్తుంది, పరీక్ష నాసిన్ (కేంద్ర పరోక్ష పన్నుల శిక్షణ సంస్థ) వాళ్ళు పెడతారు. ఇది తీస్కోండి, ఎందుకంటే జీఎస్టీలో క్లయింటు తన లాగిన్ నుంచి మిమ్మల్ని తన ప్రాక్టీషనర్‌గా ఎంచుకోగలడు, అతని పాస్‌వర్డ్ మీ దగ్గరుండాల్సిన పనిలేదు.

మీరు చెయ్యలేనిది టాక్స్ ఆడిట్. వ్యాపారం టర్నోవర్ 1 కోటి దాటితే (నగదు లావాదేవీలు 5 శాతం లోపుంటే 10 కోట్లు), వృత్తి చేసేవాళ్ళకి 50 లక్షలు దాటితే ఆడిట్ లెక్కలోకి వస్తుంది, ఆ రిపోర్టు మీద సీఏ సంతకమే ఉండాలి. కాబట్టి మొదటి రోజు నుంచే ఒక సీఏ గారితో మంచిగా ఉండండి. ఆడిట్ కేసు వస్తే వాళ్ళకి అప్పజెప్పండి, వాళ్ళు వద్దనుకున్న చిన్న రిటర్నులు మీకు పంపుతారు. నాకు మొదటి ఏడాది వచ్చినవాళ్ళల్లో సగం మంది అలా వచ్చినవాళ్ళే.

2. ఊరు మొత్తం మీది కాదు, ఒక పేట ఎంచుకోండి

ఇది అందరూ వదిలేసే మెట్టు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. మన వైజాగ్‌లో ఒక్కో ఏరియాకి ఒక్కో రకం టాక్స్ పని ఉంటుంది, మీరు ఎక్కడ కూర్చుంటున్నారో దాన్నిబట్టి ఏం చదవాలో తేలిపోతుంది.

గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి వైపైతే స్టీల్ ప్లాంట్ వాళ్ళు, రిటైరైనవాళ్ళు, వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీస్కున్నవాళ్ళు. ఇక్కడ తెలియాల్సింది ఏంటంటే ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగి ఇన్‌కంటాక్స్ లెక్కలో ప్రభుత్వ ఉద్యోగి కాడు. రిటైరైనప్పుడు వచ్చే లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ (వాడని సెలవుల డబ్బు) రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి మొత్తం మినహాయింపు, ప్లాంటు వాళ్ళకి గరిష్ఠంగా 25 లక్షలు, అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి, అంతకుముందు 3 లక్షలే. ఆ 25 లక్షలు కూడా అందరికీ రావు, పది నెలల సగటు జీతం, మిగిలిన సెలవుల లెక్క, చేతికొచ్చిన మొత్తం, ఈ పరిమితి, వీటిల్లో ఏది తక్కువైతే అది. వీఆర్ఎస్ సొమ్ములో 10(10సీ) కింద 5 లక్షలు. ఈ నాలుగు ముక్కలు నోటికొస్తే ప్లాంటు క్వార్టర్స్‌లో మీ పేరు ఒకరి నుంచి ఒకరికి అదే పాకుతుంది.

ఆటోనగర్ దగ్గరైతే లారీ ఓనర్లు. 44ఏఈ సెక్షన్ చూస్కోండి, పది బళ్ళ దాకా ఉన్నవాళ్ళకి, 12 టన్నుల మించిన బండైతే టన్నుకి నెలకి 1000, చిన్న బండైతే బండికి నెలకి 7500 ఆదాయం అని లెక్క. 28 టన్నుల బండి ఒకటుంటే నెలకి 28,000, ఏడాదికి 3,36,000. బండి రోడ్డెక్కినా షెడ్డులో ఉన్నా అతని పేరు మీద ఉన్న ప్రతీ నెలా లెక్కే, నెలలో ఒక్కరోజున్నా నెల మొత్తం పడుతుంది. చాలామంది దీన్ని 44ఏడీలో (మిగతా చిన్న వ్యాపారాల సెక్షన్) పెట్టేసి టర్నోవర్ మీద 6 శాతం, 8 శాతం వేసేస్తారు, అది తప్పు.

మధురవాడ, రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ పిల్లలు, వాళ్ళకి జీతం కంటే షేర్లు, ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) తలనొప్పి. ఎఫ్ అండ్ ఓ వ్యాపార ఆదాయం, సాధారణంగా ఐటీఆర్-3 ఫారం. నష్టం వచ్చింది కదా చూపించక్కర్లేదు అంటారు, చూపించకపోతే ఆ నష్టం ముందుకి తీసుకెళ్ళడం పోతుంది, పైగా రిటర్నులో లోపముందని డిఫెక్టివ్ నోటీసు కూడా రావచ్చు.

పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, డాబా గార్డెన్స్ అంటే జీఎస్టీ. గోపాలపట్నం, పెందుర్తి, ఎన్ఏడీ వైపు టీచర్లు, డాక్‌యార్డు వాళ్ళు, రైల్వే వాళ్ళు.

ఇంక మన ఊరికే ప్రత్యేకమైనవాళ్ళు ఓడల మీద పనిచేసేవాళ్ళు. ప్రతీ వీధిలో ఒకరైనా మర్చంట్ నేవీ ఉంటారు, వీళ్ళ రిటర్ను సరిగ్గా చేసేవాళ్ళు చాలా తక్కువ. విదేశీ రూట్లలో వెళ్ళే ఓడ మీద పనిచేసే మన దేశస్థుడికి సీడీసీ పుస్తకంలో (ఓడ ఉద్యోగుల సర్వీసు పుస్తకం) సైన్ ఆన్ అయిన (ఓడలో చేరిన) తేదీ నుంచి సైన్ ఆఫ్ (దిగిన) తేదీ దాకా రోజులు ఇండియాలో ఉన్నట్టు లెక్కలోకి రావు, ఇది రూల్ 126. పాస్‌పోర్టు స్టాంపు చూసి లెక్కేస్తే నాలుగైదు రోజులు తేడా వస్తుంది, ఆ నాలుగు రోజులే ఒక్కోసారి అతన్ని రెసిడెంట్ (టాక్స్ లెక్కలో ఇండియాలో ఉన్నవాడు) చేసేస్తాయి. నాన్ రెసిడెంట్ అని తేలితే విదేశీ కరెన్సీలో ఎన్ఆర్ఈ ఖాతాకి (నాన్ రెసిడెంట్ల బ్యాంకు ఖాతా) వచ్చిన జీతం మీద ఇక్కడ టాక్స్ పడదని 2017లో సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల బోర్డు) 13వ సర్క్యులర్ ఇచ్చింది. ఐటీఆర్-1 వీళ్ళకి పనికిరాదు, ఐటీఆర్-2 వెయ్యాలి. ఇండియాలో అద్దెలూ వడ్డీలూ కలిపి 15 లక్షలు దాటితే రెసిడెన్సీ రూల్స్ ఇంకా బిగుస్తాయి, అలాంటి కేసు మొదటిసారి వస్తే సీఏ గారిని అడక్కుండా ముట్టుకోకండి. ఒక కుర్రాడిది సరిగ్గా చేస్తే మిగిలిన బ్యాచ్ అంతా మీ నంబరు తీస్కుంటుంది, ఓడ మీద వాళ్ళకి మాట్లాడుకోవడానికి టైము చాలా ఉంటుంది.

3. మీ సొంత కాగితాలు

తొందరగా చెప్పేస్తా. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ డబ్బులివ్వకండి. షాపు తీస్కుంటే షాప్స్ యాక్ట్ కింద నమోదు, జీవీఎంసీ (మన కార్పొరేషన్) ట్రేడ్ లైసెన్సు, మీ పేరు మీద వృత్తి పన్ను, ఒక కరెంటు ఖాతా. మీ ఫీజులు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మీకు జీఎస్టీ అక్కర్లేదు. మంచి ప్రింటర్ కమ్ స్కానర్, ఇన్వర్టర్, జూలైలో కరెంటు పోతే ఆ రోజు పోయినట్టే. ఇంటి దగ్గర్నుంచి చేసినా పర్వాలేదు గానీ వచ్చినవాళ్ళు కూర్చుని మాట్లాడే చోటు విడిగా ఉండాలి, పక్కింటాయన ముందు ఎవరూ తన జీతం చెప్పరు.

4. మొదటి రిటర్ను ఎలా చెయ్యాలి

ఏప్రిల్, మే నెలల్లో జీతాల వాళ్ళ రిటర్ను వెయ్యకండి, వాళ్ళెంత తొందరపెట్టినా. కంపెనీలు ఆఖరి క్వార్టర్ టీడీఎస్ (ముందే కోసిన టాక్స్) స్టేట్‌మెంటు వెయ్యడానికి మే 31 దాకా టైముంటుంది, ఫారం 16 (జీతం, టీడీఎస్ సర్టిఫికెట్) జూన్ 15 కల్లా ఇస్తారు, అప్పటిదాకా ఏఐఎస్, 26ఏఎస్ (మనిషి ఆదాయం, కట్టిన టాక్స్ పోర్టల్లో చూపించే పట్టీలు) సగం సగం ఉంటాయి. ముందు వేసేసి తర్వాత తేడా వస్తే తిట్లు మీకే.

నేను కూర్చునే వరస ఇది. మొదట పాన్, ఆధార్ లింకు ఉందో లేదో. లేకపోతే పాన్ పనిచెయ్యదు, రిఫండు రాదు. తర్వాత బ్యాంకు ఖాతా పోర్టల్లో వాలిడేట్ అయిందా లేదా. అప్పుడు ఏఐఎస్ డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసి మనిషి ముందు పెట్టి ఒక్కో లైను చదివి "ఇది మీదేనా" అని అడుగుతా. ఫారం 16 ఆ తర్వాతే. ఎందుకలాగ అంటే ఒక పెద్దాయన సంగతి చెప్తా.

ఆ మధ్య ఒక పీఎస్‌యూలో (ప్రభుత్వ రంగ సంస్థలో) రిటైరైన ఆయన వచ్చాడు, చేతిలో బట్టల షాపు కవరు, అందులో పాస్‌బుక్కులు మూడు, కట్ట కట్టిన జిరాక్సులు. "బాబూ, నాకు ఆదాయం ఏటీ లేదు, పెన్షను రెండు వేలు వస్తాది, అంతే, సున్నా రిటర్ను ఏసీ" అన్నాడు. పాస్‌బుక్కు తిప్పితే ప్రతీ మూడు నెలలకీ 61,500 జమ. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 30 లక్షలు, 8.2 శాతం, ఏడాదికి 2,46,000. ఇంకో బ్యాంకులో ఎఫ్‌డీలు, వాటి వడ్డీ అందులోనే తిరిగి కలుస్తోంది, చేతికి రాలేదు కాబట్టి ఆదాయం కాదని ఆయన లెక్క. "అదేటండి, నేను 15హెచ్ ఇచ్చీసేను కదా" అన్నాడు. 15హెచ్ ఇస్తే టీడీఎస్ కట్ అవ్వదు, ఆదాయం మాయమవ్వదు అని ఆయనకి కాగితం మీద లెక్కేసి చూపించడానికి ముప్పావు గంట పట్టింది. చివరికి కొత్త విధానంలో పైసా టాక్స్ పడలేదు, కానీ ఉన్న ఆదాయమంతా చూపించి వేశాం. ఆ ముప్పావు గంట వృథా అనుకుంటే మీరు ఈ పనికి రాకండి. ఆయన మర్నాడు ఇంకో ఇద్దర్ని తీస్కొచ్చాడు, వాళ్ళ కవర్లలోనూ అదే కథ.

పాత విధానమా (మినహాయింపులు ఎక్కువ) కొత్త విధానమా (రేట్లు తక్కువ) అన్నది ప్రతీ ఒక్కరికీ రెండు రకాలుగా లెక్కేసి ప్రింటు ఇవ్వండి. జీతాల వాళ్ళు ఏటా మార్చుకోవచ్చు, కానీ పాతది కావాలంటే గడువులోపు వెయ్యాలి, ఆలస్యమైతే కొత్తదే దిక్కు. వ్యాపారం ఉన్నవాళ్ళు పాతదానికి వెళ్ళాలంటే ఫారం 10-ఐఈఏ వెయ్యాలి, ఒకసారి వెనక్కి కొత్తదానికి వచ్చాక మళ్ళీ పాతదానికి వెళ్ళడం కుదరదు, ఇది వాళ్ళకి ముందే చెప్పి సంతకం తీస్కోండి. హెచ్ఆర్ఏ (ఇంటద్దె అలవెన్సు) మినహాయింపుకి మన విశాఖ మెట్రో లెక్కలోకి రాదు, బేసిక్, డీఏల మీద 40 శాతమే.

"12 లక్షల దాకా టాక్స్ లేదంట కదా, రిటర్ను ఎందుకు" అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. 2025-26లో కొత్త విధానంలో 4 లక్షలు దాటిన ప్రతీవాళ్ళూ రిటర్ను వెయ్యాలి, టాక్స్ సున్నా అయ్యేది రిబేటు వల్ల, ఆ రిబేటు షేర్ల లాభాల్లాంటి ప్రత్యేక రేటు ఆదాయానికి పనిచెయ్యదు. దీన్ని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి, రోజుకి పదిసార్లు చెప్పే పని తప్పుతుంది.

వేశాక ఈ-వెరిఫై 30 రోజుల్లో అవ్వాలి, మనిషి కుర్చీలోంచి లేవకముందే ఆధార్ ఓటీపీతో అయిపోవాలి. "సాయంత్రం ఓటీపీ చెప్తా" అని వెళ్ళినవాళ్ళు ఆగస్టు దాకా ఫోనెత్తరు.

5. పాస్‌వర్డ్, ఓటీపీ, కాగితాలు

చాలా చోట్ల ఏం చేస్తారంటే క్లయింటు పోర్టల్లో ప్రైమరీ మొబైల్, మెయిల్ రెండూ తమవే పెట్టేసుకుంటారు, పని సులువు అని. దాంతో నోటీసులన్నీ ఆ మెయిల్‌కే వస్తాయి, క్లయింటుకి ఏమీ తెలీదు, అతను వేరే చోటికి మారితే లాగిన్ కూడా అవ్వలేడు. నా దగ్గరికి అలా వచ్చిన ఒక పెయింట్ల కాంట్రాక్టరుకి రెండేళ్ళ నాటి నోటీసు ఉంది, చూసినవాడే లేడు, డిమాండు మీద వడ్డీ పెరిగిపోయింది. ప్రైమరీలో క్లయింటు సొంత నంబరు, మెయిల్ పెట్టండి, సెకండరీలో మీవి. మెయిల్ లేనివాళ్ళకి వాళ్ళ ఫోన్లోనే తయారుచేసి, పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి వాళ్ళ చేతికే ఇవ్వండి, వాళ్ళమ్మాయి చేతికిస్తే ఇంకా మంచిది.

ఆధార్, పాన్ జిరాక్సులు వాట్సాప్‌లో వచ్చాక కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లోంచి తీసేయండి. క్లయింటుకో ఫోల్డరు, అందులో ఏడుకో ఫోల్డరు, ఒక కాపీ బయట హార్డ్ డిస్కులో. నేను ఎనిమిదేళ్ళు ఉంచుతాను. పాడైన జిరాక్సులు చించి పడేయండి, పక్క బజ్జీల బండికి వెళ్ళకూడదు.

6. ఫీజు

ఒక్కటే గట్టి నియమం, రిఫండులో శాతం తీస్కోవద్దు. శాతం తీస్కున్న రోజు నుంచి రిఫండు పెరిగితే మీకు లాభం, అక్కడి నుంచి తప్పుడు క్లెయిములకి ఎంతో దూరం లేదు. పనిని బట్టి రేటు పెట్టి గోడ మీద రాసేయండి. నేను మొదలెట్టినప్పుడు ఫారం 16 ఒక్కటే ఉంటే 500, అద్దెలు, ఎఫ్‌డీలు కలిస్తే 1000, షేర్లు, ఎఫ్ అండ్ ఓ, ఓడల వాళ్ళది 2500 నుంచి. నెట్ సెంటర్లో రెండొందలకి చేస్తారండీ అంటే చెయ్యించుకోనివ్వండి, బేరం ఆడకండి. మీ ఫీజులో ఏముందో మాత్రం చెప్పండి: రెండు విధానాల లెక్క ప్రింటు, 143(1) (రిటర్ను ప్రాసెస్ చేసి డిపార్ట్‌మెంట్ పంపే కాగితం) వచ్చాక చూసి చెప్పడం, ఏడాదిలో ఒక చిన్న నోటీసుకి జవాబు. డబ్బులు రిటర్ను వేసేముందే తీస్కోండి, రసీదు ఇవ్వండి. బంధువులకీ రసీదే. బాబాయిగారికి ఊరికే చేస్తే చెయ్యండి, కానీ రేటు చెప్పి ఊరికే చెయ్యండి.

7. "ఇది నేను చెయ్యను" అని చెప్పడం

ఇది చదువుతున్నవాళ్ళు ఎంత తొందరలో ఉన్నా ఇక్కడ కాసేపు ఆగండి. మన ఊళ్ళో పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, వేలమంది జీతాల వాళ్ళు, ఒకడికి 60 వేలు రిఫండొచ్చింది అంటే క్యాంటీన్లో మధ్యాహ్నానికి అందరికీ తెలిసిపోతుంది, "నాకూ అలాగే ఏయించు" అని వరస కడతారు. అది ఎలా వచ్చిందంటే ఊరూ పేరూ లేని పార్టీకి 80జీజీసీ చందా, లేని అద్దెకి హెచ్ఆర్ఏ, లేని చదువు లోను వడ్డీ. రిఫండు వచ్చేస్తుంది, నిజమే. నోటీసు ఏడాదికో రెండేళ్ళకో వస్తుంది, అప్పటికి వేసిచ్చినవాడు ఫోను మార్చేస్తాడు.

2025 జూలై 14న ఇన్‌కంటాక్స్ డిపార్ట్‌మెంట్ దేశమంతా 150 చోట్ల సోదాలు చేసింది సరిగ్గా ఇలాంటి రిటర్నులు తయారుచేసేవాళ్ళ మీదే. అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమ తప్పుడు క్లెయిములు, మొత్తం 1,045 కోట్లు, వెనక్కి తీస్కున్నారని డిపార్ట్‌మెంటే ప్రకటించింది. ఆ ఏడు నుంచి ఫారాల్లోనే పాలసీ నంబరు, లోను ఖాతా నంబరు, అద్దె వివరాలు అడుగుతున్నారు. తప్పుడు వివరాలిస్తే ఎగ్గొట్టిన టాక్స్ మీద 200 శాతం జరిమానా ఉంటుంది, అబద్ధపు రిటర్నుకి సాయం చేసినవాళ్ళ మీద కూడా ప్రాసిక్యూషన్ పెట్టొచ్చు, అంటే మన మీద.

ఎలా చెప్పాలంటే, తగాదా పెట్టుకోకండి. "మాస్టారూ, కాగితం తెచ్చివ్వండి, తప్పకుండా పెడతాను" అనండి. కాగితం ఉంటే తెస్తారు, లేకపోతే వెళ్ళిపోతారు. మొదటి ఏడాది నా దగ్గర్నుంచి అలా పదిమందికి పైగా వెళ్ళిపోయారు, ఆ నెల అద్దె కట్టడం కష్టమైంది, ఇంట్లో మాటలు కూడా వచ్చాయి. రెండేళ్ళ తర్వాత అందులో నలుగురు నోటీసులు పట్టుకుని వచ్చారు. వాళ్ళలాంటివాళ్ళకి అప్‌డేటెడ్ రిటర్ను (పాత తప్పు సరిచేసి అదనపు టాక్స్‌తో వేసే రిటర్ను) దారి ఉంది, 2025 ఏప్రిల్ నుంచి 48 నెలల దాకా వెయ్యొచ్చు, కానీ ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ, మొదటి ఏడాదిలో అదనంగా 25 శాతం, తర్వాత 50, 60, 70. నోటీసు రాకముందే వెయ్యమని చెప్పండి, కొన్ని రకాల నోటీసులు వచ్చాక ఆ దారి మూసుకుపోతుంది.

8. నెలనెలా చేతికొచ్చే పని

జూలై డబ్బులతో ఏడాది గడవదు, అందుకే జీఎస్టీ. పది షాపులు ఉంటే మీ అద్దె, కరెంటు వెళ్ళిపోతుంది. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్ళకి టర్నోవర్ 40 లక్షలు, సేవలకి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషను. నెలవారీ వాళ్ళకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) 11న, 3బీ (టాక్స్ కట్టే రిటర్ను) 20న. 5 కోట్ల లోపు వాళ్ళు మూడు నెలలకోసారి వేసే పద్ధతి తీస్కుంటే 13న, 22న, మధ్య నెలల్లో టాక్స్ 25 కల్లా కట్టాలి. కాంపొజిషన్ (టర్నోవర్ మీద చిన్న శాతం కట్టే పద్ధతి) వాళ్ళకి సీఎంపీ-08 18న.

అమ్మకం లేని నెల కూడా నిల్ రిటర్ను వెయ్యాలి, లేకపోతే రోజుకి 20, టాక్స్ ఉంటే రోజుకి 50 లేటు ఫీజు. షాపు మూసేసి రిజిస్ట్రేషను రద్దు చేయించుకోనివాళ్ళు దీనికే బలైపోతారు. కొత్త రిజిస్ట్రేషను అయితే 30 రోజుల్లో బ్యాంకు ఖాతా ఎక్కించండి, లేకపోతే సస్పెండ్ అవుతుంది. 2025 సెప్టెంబర్ 22న 12 శాతం, 28 శాతం స్లాబులు దాదాపు పోయి 5, 18 మిగిలాయి కదా, ఆ వారం నేను నా షాపులన్నిటికీ తిరిగి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో రేట్లు మార్పించాను, దానికి ఫీజు తీస్కోలేదు, ఒక్క షాపు కూడా ఇప్పటిదాకా నన్ను వదల్లేదు.

9. తప్పు చేస్తే

చేస్తారు, నేనూ చేశాను. ఒక స్కూలు టీచరమ్మకి పాత డీఏ బకాయిలు ఒకేసారి వచ్చాయి, సెక్షన్ 89 ఉపశమనం లెక్క కట్టి రిటర్నులో పెట్టాను, దానికోసం వెయ్యాల్సిన ఫారం 10ఈ మాత్రం వెయ్యలేదు. 10ఈ రిటర్ను కంటే ముందు వెయ్యాలి, తెలుసు, ఆ రోజు వరసలో పద్నాలుగు మంది ఉన్నారు, మర్చిపోయాను. అక్టోబరులో 143(1) వచ్చింది, ఉపశమనం తీసేసి డిమాండు పెట్టారు. ఆవిడకి తెలిసేలోపు నేనే ఫోన్ చేసి "అమ్మా, తప్పు నాదే, నేనే సరిచేస్తాను" అని చెప్పి, 10ఈ వేసి, గడువులోపు రివైజ్డ్ రిటర్ను వేసి, ఆ ఏడు ఫీజు వెనక్కిచ్చేశాను. అప్పట్నుంచీ ప్రతీ ఫైలు మీద ఒక చీటీ అంటిస్తాను: ఏఐఎస్ చూశానా, 10ఈ ఉందా, ఖాతా వాలిడేట్ అయిందా, పాతా కొత్తా లెక్క ఇచ్చానా, ఈ-వెరిఫై అయిందా. ఐదు గళ్ళు, ఐదు టిక్కులు, టిక్కు పడందే ఫైలు బీరువాలోకి వెళ్ళదు.

10. జూలై తర్వాత

జీతాల వాళ్ళ గడువు జూలై 31. పెంచుతార్లే అని కూర్చోకండి. 2025లో సెప్టెంబర్ 15 దాకా ఇచ్చారు, ఆఖరికి ఇంకో రోజు, 16 దాకా పొడిగించారు, ఆ రెండు రోజులూ పోర్టల్‌తో కుస్తీ పట్టినవాళ్ళని అడగండి. గడువు దాటితే లేటు ఫీజు 5000, ఆదాయం 5 లక్షల లోపైతే 1000. నేను జూలై 20 తర్వాత కొత్తవాళ్ళని తీస్కోను, పాతవాళ్ళ పనికే ఆ పది రోజులు.

ఆగస్టు నుంచి వారానికి ఒక పూట పోర్టల్ చూడ్డానికే కేటాయించండి. 143(1) వచ్చిందా, రిఫండు పడిందా, 139(9) డిఫెక్టివ్ నోటీసు ఉందా. డిఫెక్టివ్‌కి 15 రోజులే, తేదీ వెంటనే క్యాలెండర్లో రాస్కోండి. ఏదొచ్చినా క్లయింటుకి తెలుగులో రెండు లైన్లు వాట్సాప్ చెయ్యండి: "మీ రిటర్ను ప్రాసెస్ అయింది, రిఫండు 8,420, వారంలో మీ ఖాతాకి వస్తుంది". ఇంగ్లీషు పీడీఎఫ్ ఒక్కటే పంపితే భయపడిపోయి రాత్రి పదింటికి ఫోన్ చేస్తారు.

డిసెంబరు, జనవరిల్లో ఒకసారి అందరికీ గుర్తు చెయ్యండి, పాత విధానంలో ఉన్నవాళ్ళు మార్చి 31 లోపు కట్టాల్సినవి, షేర్లు అమ్మినవాళ్ళు అడ్వాన్స్ టాక్స్, 50 లక్షలు గానీ అంతకుమించి గానీ పెట్టి ఫ్లాటు కొంటున్నవాళ్ళు 1 శాతం టీడీఎస్ (పాత చట్టంలో ఫారం 26క్యూబీ). అమ్మేవాడు అమెరికాలో ఉంటే ఆ 1 శాతం లెక్క పనికిరాదు, ఎంవీపీలో, లాసన్స్ బేలో ఇలాంటి ఫ్లాట్లు చాలా చేతులు మారుతుంటాయి, అగ్రిమెంటుకి ముందే మిమ్మల్ని అడగమనండి.

ఇంక జూన్ మొదటివారంలో కిందటేటి రిజిస్టరు తీసి మొదటి పేరు నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యండి, మెసేజ్ కాకుండా ఫోనే. ఫారం 16 వచ్చిందా, ఇల్లేమైనా కొన్నారా, అమ్మారా, అమ్మాయి పెళ్ళి అయిందా, కొత్త ఎఫ్‌డీలున్నాయా అని అడిగి సమాధానాలు పేరు పక్కనే రాస్కోండి, ఎప్పుడొస్తారో తేదీ ఇచ్చేయండి. ప్లాంటులో షిఫ్టు వాళ్ళకి ముందు ఏ షిఫ్టో కనుక్కోండి. రిటైరైనవాళ్ళకి మధ్యాహ్నం పూట చెయ్యకండి, పడుకుంటారు, పొద్దున్న పదకొండుకైతే పేపరు చదవడం అయిపోయి తీరిగ్గా మాట్లాడతారు.